నర్సులు నిలవడం లేదట!

"నర్సులు నిలవడం లేదండీ. పని నేర్పి చేతికొచ్చేసరికి గల్ఫుకో ఇంగ్లండుకో ఎగిరిపోతున్నారు." ప్రైవేటు ఆస్పత్రుల యజమానులు ఎక్కడ నలుగురు చేరినా ఇదే మాట. ఇప్పుడు జర్మనీ కూడా ఆ జాబితాలో చేరింది. వినేవాళ్లకి అయ్యో పాపం అనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నేను పద్దెనిమిదేళ్లు నర్సుగా పనిచేశాను, అందులో పదకొండేళ్లు హైదరాబాదు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే. మమ్మల్ని నిలబెట్టుకోడానికి వాళ్లు ఏం చేశారో నాకు తెలుసు. తాళం వేశారు.

మాటవరసకి అనడం లేదు. చేరిన రోజే పదో తరగతి మెమో నుంచి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ అన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండేళ్ల బాండు మీద సంతకం పెట్టించుకున్నారు. నాతో పాటు చేరిన ఒకమ్మాయి తల్లికి జబ్బు చేసి మానేస్తానంటే మూడు నెలల జీతం కట్టి కాగితాలు తీసుకెళ్లమన్నారు. కౌలు రైతయిన తండ్రి వడ్డీకి తెచ్చి కట్టాడు. దానికి రసీదు కూడా ఇవ్వలేదు. పాత రోజుల్లో భూస్వామి అప్పిచ్చి పాలేరుని కట్టేసుకునేవాడు. మేం అప్పు కూడా తీసుకోలేదు, మా చదువునే తాకట్టు పెట్టించుకున్నారు.

అసలు వీళ్లకి నర్సులు నిలవాలని ఉందా? నాకు నమ్మకం లేదు. చాలా పెద్ద ఆస్పత్రులకి సొంత నర్సింగ్ కాలేజీలున్నాయి. ఏటా కొత్త బ్యాచి బయటికొస్తుంది. పదేళ్ల అనుభవమున్న నర్సుకి ఇవ్వాల్సిన జీతంతో ఇద్దరు కొత్త పిల్లల్ని పెట్టుకోవచ్చు. కొత్త పిల్ల ఎదురు మాట్లాడదు, డబుల్ డ్యూటీ వేస్తే ఏడుస్తూ చేస్తుంది. బాండు తీరేదాకా పిండుకుని తర్వాత పోనివ్వడం వాళ్లకి నష్టం కాదు, లాభసాటి లెక్క. దీని వెనక మనందరికీ తెలిసిన పాత నమ్మకమొకటి ఉంది: ఆడదాని ఉద్యోగం పెళ్లయ్యేదాకానే. ఇంటర్వ్యూలో నన్నడిగిన రెండో ప్రశ్న "పెళ్లెప్పుడు?" మగ టెక్నీషియన్ని అలా అడగ్గా నేను చూడలేదు.

ఈ లెక్కలో రాయని నష్టం రోగిది. మానిటర్ మోగకముందే, పేషెంటు దుప్పటి పీకుతున్న తీరు చూసి ఏదో తేడాగా ఉందని డాక్టర్ని లేపడం పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఏళ్ల తరబడి రాత్రులు మేలుకుంటే వస్తుంది. వచ్చాక కూడా ఇరవై ఎనిమిది మంచాల వార్డులో ఇద్దర్నే పెడితే ఆ దుప్పటి వైపు చూసేదెవరు? అమెరికాలో పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, ఆపరేషన్ అయిన రోగి నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని, నర్సులు పనిలో పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోందని అందులో తేలింది. మా ప్రాణాలు తీసేదీ, మీ ప్రాణాలు తీసేదీ ఒకటేనన్నమాట. కాలిఫోర్నియాలో నర్సుల సంఘాలు కొట్లాడి 1999లో చట్టం తెచ్చుకున్నాయి. 2004 నుంచి అది అమలవుతోంది. మామూలు వార్డులో ఒక నర్సుకి అయిదుగురు రోగులు, ఐ.సి.యు.లో ఇద్దరు, అంతకు మించకూడదు. మన నర్సింగ్ కౌన్సిల్ కూడా సెలవుల కోసం 30 శాతం మందిని అదనంగా ఉంచుకోమంది. నేను పనిచేసిన చోట సెలవడిగితే "నీ బదులు ఎవర్నైనా నువ్వే చూసుకో" అనేవాళ్లు.

పోనీ, నర్సుల్ని నిలుపుకోవడం ఎవరికీ తెలియని బ్రహ్మవిద్యా? అమెరికాలో నర్సుల కొరత వచ్చినప్పుడు, నర్సులు వదిలిపోని 41 ఆస్పత్రుల్ని ఎంచుకుని అక్కడేముందో పరిశీలించారు. ఆ నివేదిక 1983లో వచ్చింది. సరిపడా సిబ్బంది, మనిషి బతుకుకి వీలయ్యే డ్యూటీలు, రోగి విషయంలో నర్సు మాటకి విలువ, కింది వాళ్ల పక్షాన నిలబడే మేట్రన్లు. అంతే. బాండు ఊసే లేదు.

మన దగ్గర దానికి బదులు పొగడ్తలున్నాయి. మే 12న కేకు కోస్తారు, గులాబీ ఇస్తారు, దేవతలంటారు. (దేవతలకి ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదు కదా!) 2020 మార్చిలో దేశమంతా చప్పట్లు కొట్టింది. అదే ఏడాది మే నెలలో కలకత్తా ప్రైవేటు ఆస్పత్రుల నుంచి 180 మందికి పైగా మణిపురి నర్సులు రాజీనామా చేసి ఇళ్లకు వెళ్లిపోయారు. జూలైలో మన గాంధీ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు కోవిడ్ వార్డులు వదిలి రోడ్డెక్కాల్సి వచ్చింది.

జీతం సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు 2016 జనవరిలో ఆదేశిస్తే కేంద్రం వేసిన కమిటీ స్పష్టంగానే చెప్పింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 50 పడకల లోపైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. అమలు రాష్ట్రాలకి వదిలేశారు. కేరళ నర్సులు 2017లో సమ్మెకి దిగి 2018లో కనీస వేతనాల ఉత్తర్వు తెచ్చుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది నర్సులకి ఆ కమిటీ పేరైనా తెలుసు? తెలియనివ్వడం ఎవరికి ఇష్టం?

భద్రత గురించి మాట్లాడితే నాకు ముందు గుర్తొచ్చేది అరుణా శాన్‌బాగ్. 1973లో ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకోడానికి బేస్‌మెంటులోకి వెళ్లింది. అక్కడే ఆమె మీద దాడి జరిగింది. 2015లో చనిపోయేదాకా, 42 ఏళ్లు ఆమెని సాకింది తోటి నర్సులే. తలుపుకి గడియ ఉన్న ఒక గది ఆ రోజు ఆమెకి లేకపోయింది. ఇవాళ ఎన్ని నర్సింగ్ హోముల్లో ఉంది? కలకత్తాలో యువ డాక్టర్ హత్య తర్వాత 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అందులో పేరున్న డాక్టర్లున్నారు, పెద్ద అధికారులున్నారు, ఒక్క నర్సు లేదు. రాత్రంతా వార్డులో ఉండేదెవరో వాళ్లకి గుర్తు రాలేదు.

కాబట్టి యజమానులారా, మా సర్టిఫికెట్లు మాకివ్వండి. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి చట్టం చెప్పింది. అది తెరవండి, రాత్రి డ్యూటీకి కూడా. 2013 చట్టం ప్రకారం వేధింపుల మీద వేయాల్సిన కమిటీలో మేనేజరు భార్యని కాదు, వార్డు నర్సుని కూర్చోబెట్టండి. వచ్చే నెల డ్యూటీలు ఈ నెలలోనే చెప్పండి. అప్పటికీ ఎవరైనా జర్మనీ వెళ్తానంటే వెళ్లనివ్వండి, అది ఆమె హక్కు.

చదువుతున్న అక్కచెల్లెళ్లకి ఒక పని చెప్తాను. ఈసారి మీవాళ్లెవరినైనా ఆస్పత్రిలో చేర్చినప్పుడు, రాత్రి ఆ వార్డులో ఒక్కో నర్సుకి ఎంతమంది రోగులో కౌంటర్లో అడగండి. బిల్లులో నర్సింగ్ చార్జీలని రోజుకింత వేస్తారు. అందులో సిస్టర్ చేతికి వెళ్లేదెంతో కూడా అడగండి.