ఏ దిక్కుకు?

కాందిశీకుడు అనే మాటను మనం పత్రికల్లో చదువుతూ ఉంటాం. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని అర్థం. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగు తీసేవాడు కాందిశీకుడు. అతనికి మనం చేసే సాయం ఆ ప్రశ్నకు జవాబు దొరికేలా ఉండాలని నా అభిప్రాయం.

యుద్ధవార్త వినగానే మనకు బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు గుర్తుకు వస్తాయి. ఆకలితో వచ్చినవాడికి ముందు అన్నమే పెట్టాలి. కాదనను. కానీ పాత బట్టల మూట కట్టేటప్పుడు ఎదుటివాడి అవసరం తీరుస్తున్నామా, మన పెట్టె ఖాళీ చేసుకుంటున్నామా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద దాడులు జరిగాయి. అంతర్యుద్ధం మొదలైంది. వేలాది కుటుంబాలు పడవలెక్కి తమిళనాడు తీరం చేరుకున్నాయి. ఆ దేశపు తమిళ నాయకుడు చెల్వనాయకం కుమారుడు, న్యాయవాది చంద్రహాసన్ కూడా భారతదేశానికి వచ్చారు. 1984లో ఆయన మద్రాసులో ‘ఆఫర్’ అనే చిన్న సేవాసంస్థను స్థాపించారు. అందులో పనిచేసినవారిలో ఎక్కువమంది కాందిశీకులే. శిబిరంలో చదువుకున్నవాళ్లే శిబిరంలోని పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందినవారు పక్కింటి బాలింతను, పసిబిడ్డను చూసుకున్నారు. పుచ్చుకునేవారు ఇచ్చేవారయ్యారు.

ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచినది పైకి చాలా చిన్నది. అది జనన ధృవపత్రాలు ఇప్పించడం. శిబిరంలో పుట్టిన బిడ్డకు చాలావరకు భారత పౌరసత్వం దక్కదు. శ్రీలంక లెక్కల్లోనూ అతని పేరు ఉండదు. రేపు తండ్రి ఊరికి తిరిగిపోతే, ‘నేను ఇక్కడివాణ్ణే’ అని చెప్పుకోవడానికి చేతిలో కాగితం ఉండాలి. బియ్యం నెల తిరిగేసరికి అయిపోతుంది. ఆ కాగితం జీవితాంతం పనికివస్తుంది.

2009 మే నెలలో యుద్ధం ముగిసింది. తిరిగి వెళ్లినవారికి కూలిన గోడలు, పొదలు పెరిగిన పొలాలు, నేలలో పాతిన మందుపాతరలు ఎదురయ్యాయి. అలాంటి చోట ఇల్లు కట్టాలంటే తాపీపని తెలియాలి, బడి తెరవాలంటే పాఠం చెప్పగలవాడు ఉండాలి. పాడైన దేశాన్ని తిరిగి కట్టే పని శిబిరంలోని పలక దగ్గరే మొదలవుతుందని నేను అంటాను.

‘మన ఊరివాళ్లకే పని లేదు, పరాయివాళ్ల మాట మనకెందుకు?’ అని కొందరు అడుగుతారు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఇది న్యాయమైన ప్రశ్నే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తరువాత ఎందరో తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరికి పనికి పోవలసివచ్చింది. ఆ కష్టం తక్కువది కాదు. అయినా ఆ కార్మికుడికి రేషన్ కార్డు ఉంది, ఓటు ఉంది. అన్యాయం జరిగితే అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టుకు పోవచ్చు. కాందిశీకుడు ‘మా ప్రభుత్వం’ అని ఎవరిని అడగాలి?

పైగా ఈ కష్టం తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాలనుంచి బతుకుదెరువుకు రంగూనుకు పోయినవారు ఎందరో. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచివచ్చారు. ఆకలితో, కలరాతో దారిలోనే కన్నుమూసినవారు అనేకులు. 1964లో మళ్లీ ఓడల్లో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. మన కర్ణాటకలో 1960లో బైలకుప్పెలో టిబెట్టువారికి భూములిచ్చి ఊళ్లు కట్టుకోనిచ్చారు. అంటే ఇది మనకు చేతకాని పనేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు సందేహం ఉంది. ‘తిరిగి వెళ్లడానికి సిద్ధపడండి’ అన్నది చంద్రహాసన్ సంస్థ మొదటినుంచీ పట్టుకున్న దారి. 1983లో వచ్చినవారికి అది సరైనదే. కానీ 1990లో శిబిరంలో పుట్టినవాడు జాఫ్నాను చూడనే లేదు. అతని బడి, స్నేహితులు, పెళ్లి అన్నీ ఇక్కడే. 2021లో తమిళనాడు ప్రభుత్వం కాందిశీకుల శిబిరాలను పునరావాస శిబిరాలని పిలవాలని నిర్ణయించింది. మంచిదే. అయితే వెళ్లదలచినవారికి ఆ దేశపు కాగితం ఇప్పించినట్టే, ఉండదలచినవారికి ఈ దేశపు కాగితం కూడా ఇవ్వాలి. ఏ దిక్కుకు అన్నది వాళ్లే చెప్పనీయాలి.