కోడి కంపెనీది, అప్పు రైతుది

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే జాతీయ రహదారి మీద ఆరాంఘర్ దాటి శంషాబాద్ చేరేలోగా గగన్‌పహాడ్ తగులుతుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పొలాలు, ద్రాక్ష తోటలు ఉండేవి. పక్కనే ఉన్న రాజేంద్రనగర్‌లో ద్రాక్షకు ప్రత్యేకంగా పరిశోధనా కేంద్రం పెట్టారంటేనే ఈ నేలకూ ఆ పంటకూ ఉన్న సంబంధం తెలుస్తుంది. తర్వాత కార్ఖానాలు వచ్చాయి. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైంది. భూమి పోయినచోట రోడ్డు వెడల్పయింది. రోడ్డు వెడల్పయినచోట వెంచర్లు లేచాయి. వాటి వెనకాలే అమెరికా బ్రాండ్ల తిండి దుకాణాలు దిగాయి.

"ఇందులో రైతుకేం పని? తినేవాళ్లు తింటారు, వద్దనుకున్నవాళ్లు మానేస్తారు" అనేవాళ్లున్నారు. రుచి సంగతే అయితే ఆ మాట ఒప్పుకోవచ్చు. కాని ఇది రుచి సంగతి కాదు. ఏ పంట వేయాలి, ఏ కోడిని పెంచాలి, ధర ఎవరు కట్టాలి అనే సంగతి. అమెరికా రైతును చూస్తే ఇది అర్థమవుతుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మన వాడుకలో ఫాస్ట్‌ఫుడ్ అంటే సాయంత్రం రోడ్డు పక్కన మంట పెద్దది చేసి నూడుల్సు, ఫ్రైడ్ రైస్ వేయించే బండి. గగన్‌పహాడ్ కార్ఖానాల్లో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కూలీకి, ఇంట్లో పొయ్యి వెలిగించే ఓపిక లేనప్పుడు, ఆ బండే దిక్కు. బండి నడిపేవాడు కూడా పల్లెలో సేద్యం గిట్టుబాటు కాక వచ్చినవాడే కావచ్చు. అతని నూనె మీద, శుభ్రత మీద తనిఖీ ఉండాల్సిందే. కాని మన తగవు అతనితో కాదు. తిండినే కార్ఖానా సరుకుగా మార్చి, పొలం నుంచి పళ్లెం దాకా ప్రతి మెట్టునూ గుప్పిట్లో పెట్టుకున్న గుత్త పెట్టుబడితోనే మన తగవు.

ఆ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలును కార్ఖానా పద్ధతికి మార్చారు. పళ్లేలు, చెంచాలు తీసేశారు. వడ్డించేవాళ్లను తీసేశారు. ఒకరు మాంసం కాల్చడం, ఒకరు రొట్టెలో పెట్టడం, ఒకరు కాగితం చుట్టడం — ఇట్లా పని ముక్కలు చేశారు. వంట తెలిసినవాడి అవసరం లేకపోయింది. వంట తెలిసినవాడు అక్కర్లేనప్పుడు కూలి పెంచాల్సిన అవసరమూ లేదు. 1955 నుంచి రే క్రాక్ అనే వ్యాపారి దీన్ని దేశమంతా పరిచాడు. 1956లో ప్రభుత్వం హైవేల చట్టం చేసి ప్రజాధనంతో వేల మైళ్ల రోడ్లు వేసింది. ఆ రోడ్ల కూడళ్లలో దుకాణాలు వెలిశాయి. రోడ్డు ప్రజలది, లాభం కంపెనీది. అక్కడి ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు 2012లో న్యూయార్కులో సమ్మెకు దిగితే, కాలిఫోర్నియాలో గంటకు 20 డాలర్ల కూలి చట్టం అమలు కావడానికి 2024 ఏప్రిల్ రావాల్సి వచ్చింది.

రైతుకు ఏమైంది? వేల దుకాణాల్లో ఒకే రుచి కావాలంటే ఒకే రకం ఆలుగడ్డ, ఒకే రకం మాంసం కావాలి. అంత సరుకు చిన్న రైతు దగ్గర, చిన్న కబేళా దగ్గర కొనరు. పెద్ద కొనుగోలుదారుకు పెద్ద సరఫరాదారే కావాలి. 1980లో అమెరికాలో కొవ్వు పట్టించిన పశువుల వధలో నాలుగు కంపెనీల వాటా సుమారు 36 శాతం. ఇప్పుడది సుమారు 85 శాతం. కొనేవాళ్లు నలుగురే అయితే ధర కట్టేదెవరో చెప్పనక్కర్లేదు. అమెరికావాడు తిండికి పెట్టే ప్రతి డాలరులో రైతుకు చేరేది సుమారు 16 సెంట్లని వాళ్ల వ్యవసాయ శాఖే లెక్క కట్టింది.

కోళ్ల రైతు పరిస్థితి మరీ అన్యాయం. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులు కంపెనీవి, పెరిగిన కోడీ కంపెనీదే. షెడ్డు మాత్రం రైతుది, షెడ్డు మీద అప్పు రైతుది, కరెంటు బిల్లు రైతుది, రాత్రి కాపలా రైతుది. పైగా చుట్టుపక్కల రైతులను ఒకరితో ఒకరిని పోల్చి, వెనకబడినవాడికి కూలి తగ్గించే పద్ధతి పెట్టారు. సొంత భూమిలో నిలబడి కూలీ అయినవాడే నేటి అమెరికా కోళ్ల రైతు.

ఇది చదువుతుంటే షాద్‌నగర్, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు కోళ్ల ఫారాల రైతులకు తమ కథే విన్నట్టు ఉంటుంది. రంగారెడ్డి జిల్లాలోనూ కాంట్రాక్టు పెంపకం వచ్చి చాలా కాలమైంది. మార్కెట్ రేటు పడినా పెంపకం కూలి వస్తుందన్న ధైర్యంతోనే చాలామంది అందులో దిగారు. ఆ ధైర్యాన్ని తప్పు పట్టలేం. కాని బ్యాచికీ బ్యాచికీ మధ్య షెడ్డు ఎన్నాళ్లు ఖాళీగా ఉండాలో కంపెనీయే తేలుస్తుంది. షెడ్డు ఖాళీగా ఉందని బ్యాంకు కిస్తీ ఆగదు. కోళ్లు ఎక్కువ చనిపోతే కోత పడుతుంది. పిల్ల నాసిరకమా, దాణా నాసిరకమా అని అడిగే చోటు రైతుకు లేదు.

ఇక అక్కడి తిండి అలవాటు ఇక్కడి రైతు మెడకు ఎట్లా చుట్టుకుంటుందో చూడండి. 1983లో మెక్‌డొనాల్డ్స్ చికెన్ నగ్గెట్లను అమెరికా అంతటా అమ్మకానికి పెట్టింది. అమెరికా జనం రొమ్ము మాంసానికి బాగా అలవాటు పడ్డారు. కాళ్ల ముక్కలు మిగిలిపోయాయి. మిగిలినవాటిని చవగ్గా పరదేశాల మీద కుమ్మరించాలి. బర్డ్ ఫ్లూ కారణంగా భారత్ పెట్టిన దిగుమతి ఆంక్షల మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు పోయింది. 2015లో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. కోడికాళ్ల మీద మన 100 శాతం దిగుమతి సుంకమే అడ్డుగోడగా నిలిచింది. ఆ గోడ పడితే రంగారెడ్డి జిల్లా షెడ్లలో ఎన్నింటికి తాళం పడుతుంది?

మక్కజొన్న సంగతీ అంతే. కోళ్ల దాణా మక్కలే. బర్గర్ పక్కన పెట్టే తీపి పానీయంలో తీపికి అమెరికాలో వాడేదీ మక్కల పాకమే. 2025 సెప్టెంబరులో అమెరికా వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్, 140 కోట్ల జనమున్న భారత్ తమ మక్కలు ఒక్క బుషెల్ కూడా ఎందుకు కొనదని నిలదీశాడు. ఆ సీజనులో మన మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400. అంతకంటే తక్కువకే అమ్ముకున్న తెలంగాణ రైతులు ఎందరో. సొంత రైతు మక్కలకే ధర ఇప్పించలేనివాళ్లు పరాయి మక్కలకు తలుపు తీస్తే ఏం మిగులుతుంది?

తినేవాళ్లకైనా మేలు జరిగిందా? అమెరికాలో ఏ రోజు చూసినా పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఫాస్ట్‌ఫుడ్ తింటున్నారు. పెద్దవాళ్లలో దాదాపు 40 శాతం మంది ఊబకాయులు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దేశంలో రోగభారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లనే. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 30 శాతం మంది అధిక బరువున్నవాళ్లని తేలింది. అదే సర్వేలో 57 శాతానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందనీ తేలింది. కడుపు నిండుతున్నా రక్తం పట్టడం లేదు.

కంపెనీ తిండి శుభ్రమనే వాదన ఒకటుంది. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి పలువురు ఆస్పత్రి పాలయ్యారు. ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. సరిగ్గా అదే నెలలో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ బర్గర్లలో వాడిన ఉల్లిగడ్డల వల్ల 14 రాష్ట్రాల్లో వందమందికి పైగా జబ్బు పడ్డారు, ఒకరు మరణించారు. బండి దగ్గర తప్పు జరిగితే బస్తీకి ముప్పు. కంపెనీ గొలుసులో తప్పు జరిగితే రాష్ట్రాలకు రాష్ట్రాలకే ముప్పు.

మెక్‌డొనాల్డ్స్ 2025లో హైదరాబాదులో తన గ్లోబల్ ఆఫీసు తెరిచింది. 2,000 ఉద్యోగాలని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలొస్తే కాదనేవాళ్లెవరూ లేరు. కంపెనీలొస్తే రైతుకు మార్కెట్ దొరుకుతుందనే మాటకు మాత్రం గుజరాత్ వైపు చూడాలి. చిప్సు కంపెనీ పెప్సికో తన రకం ఆలుగడ్డ పండించారని 2019లో నలుగురు రైతుల మీద తలా కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం కోరుతూ కోర్టుకెక్కింది. దేశమంతా రైతు సంఘాలు గొంతెత్తాకే ఆ కేసు వెనక్కు తీసుకుంది.

గగన్‌పహాడ్ మీదుగా పోయే ఈ రోడ్డు చివరన ఉన్న బెంగళూరులో 1995లో కె.ఎఫ్.సి. మొదటి దుకాణం తెరిచింది. ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైతు సంఘం దాన్ని ఎదిరించింది. 1996 జనవరి 30న రైతులు దుకాణం మీద దాడి చేశారు. దుకాణం మళ్లీ తెరుచుకుంది, కొత్తవీ వచ్చాయి. అద్దాలు పగిలితే రెండో రోజుకే బిగించుకుంటారు. విధానం మారితేనే రైతు నిలబడతాడు.

తిండి అలవాటు విధానాన్ని బట్టే మారుతుంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదవాడి ఆకలి తీర్చింది. దాన్ని తప్పుపట్టేవాళ్లం కాదు. కాని ఆ చౌకడిపోలో జొన్నకు చోటివ్వలేదు. జొన్న గట్క, అంబలి తిన్న ఇళ్లలో జొన్న చేనే లేకుండా పోయింది. గగన్‌పహాడ్‌కు కూతవేటు దూరంలో, రాజేంద్రనగర్‌లో, దేశానికంతటికీ చిరుధాన్యాల పరిశోధనా సంస్థ ఉంది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఘనంగా జరిపారు. ఉపన్యాసాలు అయ్యాయి. ఆ జొన్నలు హాస్టలు పిల్లల కంచంలోకి ఎప్పుడొస్తాయి?

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా ఉండాలి. కాంట్రాక్టు కోళ్ల రైతుకు కనీస పెంపకం కూలి, ఖాళీ రోజులకు పరిహారం, తగవు తీర్చే యంత్రాంగం చట్టంలో ఉండాలి. మక్కలు, జొన్నలు మద్దతు ధరకు ప్రభుత్వమే కొనాలి. ఆ జొన్నలను హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు ఇవ్వాలి. కోడికాళ్లు, మక్కల దిగుమతులకు తలుపు తీయరాదు. బడికి 50 మీటర్ల లోపల కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండి అమ్మరాదని 2020లోనే నిబంధన చేశారు. దాన్ని కాగితం మీద కాకుండా బడి గేటు దగ్గర అమలు చేయాలి. బండ్లవాళ్లకు నీళ్లు, శిక్షణ, లైసెన్సు ఇవ్వాలి తప్ప లాఠీ కాదు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పుల్లకూర రుచి చూడటంతో ఆగితే ఫర్వాలేదు. పొరుగింటివాడు మన పెరడు రాయించుకుని, అందులో పండిన కూరనే మనకు అమ్ముతానంటే ఊరుకోకూడదు. అమెరికా రైతు మేలుకునేసరికి కొనేవాళ్లు నలుగురే మిగిలారు. ఇక్కడ ఇంకా ఆ స్థితి రాలేదు. కోళ్ల రైతు, మక్కల రైతు, కార్ఖానా కూలీ, బండివాడు ఒక్క తాటి మీదికి రావాల్సింది ఇప్పుడే.