ప్రవాసి ఎవరు, వలసకూలీ ఎవరు?



ఒక ప్రవాసాంధ్ర సంచికవారు "పరదేశపు రాజధానిలో తొలి దినాలు" అనే అంశం మీద వ్యాసం పంపమని కోరారు. మా అబ్బాయి కువైట్ నగరంలో ఉద్యోగి; నేను అక్కడ మూడు మాసాలుండి వచ్చినవాణ్ణి. కనుక వ్రాశాను. అయితే నా తొలి దినాలకు నాలుగు వాక్యాలు కేటాయించి, తక్కినదంతా అక్కడ ఒకరింట పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థిని తొలి దినాలను గురించి వ్రాశాను. వ్యాసం తిరిగి వచ్చింది. దానికి తోడు ఒక వాక్యం: "ఇది వలసకూలీల సమస్య. మాకు కావలసినది ప్రవాస జీవనానుభవం."

వ్యాసం తిరిగి రావడం నాకు కొత్త కాదు. పాతికేళ్ళ వయసు నుండీ అలవాటే. కాని ఈ వాక్యం మింగుడు పడలేదు. జీవితమంతా పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి, దీనికి చెప్పకుండా ఎలా ఊరకుంటాను?

'ప్ర' ఉపసర్గ చేరిన 'వస' ధాతువుకు స్వస్థలం విడిచి దూరాన నివసించడమని అర్థం. ఆ దూరాన ఏ పని చేస్తున్నావు, నీ జీతమెంత, నీవు నివసించేది మేడ మీది గదిలోనా, మేడ మొత్తంలోనా అని ధాతువు అడగదు. అడుగుతున్నది మనం. 'వలస' అచ్చ తెలుగు మాట. పక్షులకూ చెల్లుతుంది, కరవునాటి పల్లెలకూ చెల్లుతుంది. అందులో నీచత్వమేమీ లేదు. నా తగవు మాటతో కాదు, పంపకంతో. లండను వెళ్ళినవాడు ప్రవాసి. కువైట్ వెళ్ళిన ఆడమనిషి వలసకూలీ. ఇద్దరూ విమానమే ఎక్కారు, ఇద్దరూ అమ్మను వదిలే వెళ్ళారు.

ఈ పంపకం కొత్తది కాదు. బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ 'కొరంగీలు' అన్నారు. కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్ళారు గనుక రేవు పేరే జాతి పేరయింది. 1930లో రంగూను రేవులో అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బలు తిన్నది ఆ కొరంగీలే. మన ప్రవాస సంచికలలో వారికెక్కడైనా చోటు దొరికిందా? ఇక 2003 నుండి మనం జరుపుకుంటున్న ప్రవాసీ భారతీయ దివసం సంగతి. జనవరి 9ని ఎంచుకున్నది 1915లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుండి తిరిగి వచ్చిన రోజని. మంచిదే. అయితే ఆయనను అక్కడి తెల్లవారు 'కూలీ బారిస్టరు' అనేవారని ఆయనే తన ఆత్మకథలో వ్రాసుకున్నారు. కూలీ అనిపించుకున్నవాని పేర పండుగ చేసి, ఆ పందిట్లోకి కూలీలకు ప్రవేశం లేదనడం మనకే చెల్లింది.

ప్రభుత్వమూ ఈ పంపకాన్ని చక్కగా పాటిస్తున్నది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం క్రింద పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుకు వేరే గుర్తు. వారు గల్ఫు దేశాలు మొదలైన 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రత్యేకానుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలి. రక్షణ కోసం పెట్టిన నియమాలే, కాదనను. కాని మా ఊళ్ళలో దళారులు ఆ నియమాలను రక్షణగా చూడరు, ధర పెంచే సాధనంగా చూస్తారు. పుట్టిన తేదీ దిద్దిన టి.సి. ఇమ్మని నా దగ్గరకే వచ్చినవారున్నారు. వచ్చిన దారినే పంపాను.

నా తొలి దినాల మాట త్వరగా ముగిస్తాను. విమానాశ్రయానికి అబ్బాయి వచ్చాడు. వేసవి గనుక పగలు గడప దాటలేదు; 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమది. సాయంకాలాలు సముద్రతీరంలో నడక. కోడలు నాకు రెండు అరబ్బీ మాటలు నేర్పింది: 'అహ్లన్', 'షుక్రన్'. ఒకటి స్వాగతం, రెండవది కృతజ్ఞత. 'కువైట్' అంటే చిన్న కోట అని తెలిసింది. మన 'కోట'కూ వారి 'కూత్'కూ చుట్టరికం కలిపే పండితులకు ఆ పని వదిలేస్తాను.

ఒక శుక్రవారం మాలియా వైపు వెళ్ళాము. సెలవు దొరికిన తెలుగువారు అక్కడ కనిపిస్తారు. ఆమె నన్ను ముందు గుర్తుపట్టింది. "సార్, బాగుండారా? మీరెప్పుడొచ్చినారు?" అని కాళ్ళకు మొక్కబోయింది. ఎనిమిదవ తరగతిలో బడి మానిన పిల్ల. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేది. ఇప్పుడు నలభై దాటినది. ఆమెను ఆ తొలి దినాలను గురించి అడిగాను.

"మొదుటి పది దినాలు వాకిలి ఏ పక్కుందో గూడా తెలీలేదు సార్. పొద్దన లేస్తే మూడు మిద్దెలు తుడిచేది, గుడ్డలు, బాసన్లు. ఏం జెప్తాండారో అర్థం గాదు. తాల్, రూహ్, జీబ్, షూఫ్. రేత్రి పండుకుంటే కల్లో గూడా తాల్ తాల్ అని పిల్చినట్లే. ఇంటికి ఫోన్ జేసి మాత్రం, బాగుండా, అన్నం బాగ పెడ్తాండారు అని చెప్పినా."

అబ్బాయిని అర్థాలడిగాను. రా, పో, తే, చూడు. నాలుగూ విధ్యర్థకాలే! సంస్కృతంలో చెప్పాలంటే లోట్ లకారం తప్ప వేరు లకారం లేని భాష. అదే నగరం నాకు స్వాగతంతోనూ కృతజ్ఞతతోనూ భాష మొదలుపెట్టింది, ఆమెకు ఆజ్ఞతో మొదలుపెట్టింది. పరదేశంలో తొలి దినాలంటే ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ప్రవాసానుభవాన్ని నేను ఏ సంచికలోనూ చదవలేదు. పెరుగు తోడుకోలేదనీ, మంచు చూసి మైమరచామనీ చదివాను. అవీ అనుభవాలే, వ్రాయవద్దనను. అవి మాత్రమే అనుభవాలంటేనే పేచీ.

"అన్నీ కన్నీటి కథలేనా?" అని సంపాదకులు అడగవచ్చు. కాదు. ఆ ఇంటి ముసలమ్మ తనకు మచ్‌బూస్ వండడం నేర్పిందనీ, జ్వరం వస్తే దగ్గర కూర్చున్నదనీ ఆమెయే చెప్పింది. చట్టమూ లేకపోలేదు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదన్నది, వారానికొక సెలవు ఇమ్మన్నది, పనిమనిషి అనుమతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదన్నది. 2016లో కనీస వేతనం 60 దీనార్లన్నారు. ఈ సంగతులు ఆమెకు మొదటి దినాన ఎవరు చెప్పారు? ఆమె పాస్‌పోర్టు దిగిన రోజునే 'కఫీల్' చేతికి వెళ్ళింది. కఫీల్ అంటే హామీ ఉండేవాడని అర్థమట. ఎవరికి హామీ?

ఇంకొక మాట. మన ఆలంకారికులు అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృకను చెప్పారు; భర్త పరదేశం వెళ్ళగా ఇంట వేచి ఉండే ఇల్లాలు. మా సీమలో ఇప్పుడు వెళ్ళేది భార్య. ఇంట ఉండేది భర్త. ఆమె భర్త కూతురికి జడ వేయడం నేర్చుకున్నాడు, అట్లు పోయడం నేర్చుకున్నాడు. ఈ నాయకునికి లక్షణగ్రంథాలలో పేరు లేదు. 'ప్రోషితభార్యుడు' అని నేను పెడుతున్నాను. వ్యాకరణ దోషముంటే చెప్పండి. కాని ఆ మనిషి మీద కథ వ్రాస్తే అది 'గల్ఫు సాహిత్యం' అనే పక్కగదికి వెళుతుంది, 'ప్రవాస సాహిత్యం' అనే నట్టింటికి రాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక 1,70,000 మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో తెచ్చారు. ఆ విమానాలలో ప్రవాసులకొక వరుస, కూలీలకొక వరుస వేయలేదు.

ఆమె చెల్లెలి వరుస అమ్మాయి వచ్చే నెల అదే నగరానికి బయలుదేరుతున్నది. ఆమె కోసం ఒక కాగితం తయారుచేశాను. పైన రాయబార కార్యాలయం ఫోను నంబరు, ఆ దేశపు అంకెలు, వాటి ఎదుట మన అంకెలు. క్రింద తెలుగు లిపిలో మాటలు. విధ్యర్థకాలు వారే నేర్పుతారు గనుక నేను ఉత్తమపురుషతో మొదలుపెట్టాను. అనా: నేను. అనా తఅబానా: నేను అలసిపోయాను. అనా మరీదా: నాకు ఒంట్లో బాగులేదు. జవాజ్: పాస్‌పోర్టు. మఆష్: జీతం. ముస్తష్ఫా: ఆసుపత్రి. సఫారా: రాయబార కార్యాలయం. లా: వద్దు, కాదు. లేష్: ఎందుకు.

అరబ్బీ తెలిసిన మిత్రులు ఉచ్చారణ సవరించి, ఇంకొన్ని మాటలు చేర్చగలరు. ఇరవయ్యో తేదీలోగా అందితే కాగితం మళ్ళీ వ్రాసి ఇస్తాను.