తొట్లకొండకు ఈసారి నడిచి వెళ్దామా?



విశాఖ బ్రాంచిల పిల్లల్లో తొట్లకొండ చూడనివారు తక్కువే. కానీ చాలామంది కారులో ఎక్కి, ఫొటోలు దిగి, కారులోనే దిగిపోతారు. ఈసారి మంగమారిపేట దగ్గర బీచ్ రోడ్డు పక్కన వీలైన చోట బండి ఆపి, మలుపుల దారిలో పిల్లలతో పాటు నడవండి.

ఎందుకంటారా? సగం దూరం ఎక్కేసరికి పిల్లలకు దాహం వేస్తుంది. ‘ఇంత ఎత్తులో ఆ భిక్షువులు నీళ్లకు ఏం చేశారు?’ అని అప్పుడు అడగండి. జవాబు పైనే ఉంది. వాన నీటిని నిల్వ చేసుకోవడానికి వారు రాతిలో తొట్లు తొలిచారు. కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లే. ఈ పాఠం నేను బోర్డు మీద చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది. దాహంతో తెలుసుకుంటే ఎప్పటికీ మరచిపోరు.

ఇది రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, భిక్షువుల గదులతో పాటు శాతవాహన, రోమన్ నాణేలు కూడా దొరికాయి. పైనుంచి సముద్రం చూపిస్తే, రోమ్ నాణెం ఇక్కడికెలా వచ్చిందో పిల్లలే ఊహిస్తారు.

పరుగెత్తాలనుకునే పిల్లల్ని ఆపకండి. దారి మీద పరుగెత్తనివ్వండి. కట్టడాల మీద మాత్రం వద్దు. ఫొటో కోసం పిల్లల్ని గోడల మీద నిలబెట్టేది చాలాసార్లు మనమే. 2019లో భారీ వర్షాలకు ఇక్కడి మహాస్తూపంలో కొంత భాగం కూలింది, తర్వాత బాగు చేశారు. వానకే నిలవని ఇటుకలు మన బూట్లను ఎంతకాలం ఓర్చుకుంటాయి?

‘ఆదివారం ట్యూషన్ ఉంది మేడమ్’ అంటారని తెలుసు. నెలకు ఒక్క ఉదయం చాలు. ఎండ ముదరకముందే బయలుదేరండి. నీళ్ల సీసా, టోపీ మరవకండి. తిన్న ప్యాకెట్లు తిరిగి తెచ్చేయండి. ఇంటికొచ్చాక మాత్రం దాని మీద వ్యాసం రాయమని అడగకండి. హోంవర్క్ ఇవ్వడానికి మేమున్నాం కదా!