జట్టు ఎక్కడ పుడుతుంది?

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థి మిత్రులు మాంచెస్టర్, లివర్‌పూల్ జట్ల చరిత్ర గడగడా అప్పజెప్పుతారు. తప్పు లేదు. కాని మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిందని మనలో ఎందరికి ఎరుక? ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

ఇక ఈ కాలం సంగతి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది! పెట్టుబడితో వచ్చిన జట్టు పెట్టుబడి వెంటే పోతుంది. బడి మైదానంలో పుట్టిన ఆటను మాత్రం ఎవరూ మూటగట్టుకొని పోలేరు.

అందుకే నా మాట ఒక్కటే. నల్లగొండలో గాని, పాలమూరులో గాని కాలేజీలకు కొత్త భవనాల కోసం జాగా వెదికేటప్పుడు మైదానాన్ని ముట్టవద్దు. సాయంత్రం ఒక బంతి, ఆట నేర్పే ఒక పంతులు ఉంటే చాలు. కప్పుల సంగతి తరువాత చూసుకోవచ్చు.