మొదటి వరుసలో ఉన్నదే వైద్యమా?



ఈ మధ్య ఒక ఉదయం రాంగోపాల్‌పేటలోని మా ఇంటికి ఒక యువకుడు వచ్చాడు. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లను గూగుల్‌లో పైవరుసకు తీసుకురావడం తన వృత్తి అని చెప్పాడు. రాణీగంజ్‌లో మోటారు పంపులు అమ్మే దుకాణాలకు ఆ పని చేసి పెడుతున్నాడట. “డాక్టరు గారూ, మీ వ్యాసాలు ఎవరికీ కనిపించడం లేదు. నెలకింత అని ఇవ్వండి, మూడు నెలల్లో మొదటి స్థానం గ్యారంటీ” అన్నాడు.

నేను చేయవలసిందల్లా కొద్దిపాటి మార్పులేనట. ‘మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం’ అన్న శీర్షిక తీసివేసి ‘షుగర్‌కు శాశ్వత పరిష్కారం’ అని పెట్టాలి. ఆ మాటనే ప్రతి పేరాలోనూ తిప్పి తిప్పి వ్రాయాలి. సంబంధం లేని సైట్ల నుండి నా పేజీకి లింకులు అతడు కొని పెడతాడు. అయిదు నక్షత్రాల ప్రశంసలు కూడా అతడే వ్రాయిస్తాడు. “శాశ్వతంగా పోతుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు కదా, బాబూ” అన్నాను. “నిజమేనండీ, కానీ ఆ మాట వ్రాస్తే ఎవరు నొక్కుతారు?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

పంపులు అమ్మే దుకాణదారు తన పేరు పైవరుసలో ఉండాలని కోరుకోవడంలో తప్పు లేదు. కొన్నవాడు పంపును కళ్ళారా చూస్తాడు. అది పనిచేయకపోతే తిరిగి తెచ్చి గల్లాపెట్టె ముందు పెడతాడు. రోగి సంగతి అలా కాదు. ‘శాశ్వత పరిష్కారం’ అన్న మాట నమ్మి ఇన్సులిన్ మానివేసిన టైప్ 1 మధుమేహ రోగి కొద్ది రోజుల్లోనే కీటోఅసిడోసిస్‌తో ప్రాణాపాయంలో పడతాడు. అతడు తిరిగి తెచ్చి ఇవ్వగలిగిన వస్తువేదీ లేదు.

పైగా ఆ గ్యారంటీయే బూటకం. మొదటి స్థానాన్ని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాలలో చెబుతోంది. ఒకే మాటను పేజీ నిండా కుక్కడాన్నీ, స్థానం కోసం లింకులు కొనడాన్నీ మోసపు పద్ధతులుగా పరిగణించి, అటువంటి పేజీలను క్రిందికి తోయగలనని, అసలే కనబడకుండా చేయగలనని కూడా హెచ్చరిస్తోంది.

ఇక చట్టం మాట. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, పక్షవాతం, క్యాన్సర్ వంటి జబ్బులను మందుతో నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. కాంతితో గాని, ధ్వనితో గాని, పొగతో గాని చేసే ప్రకటనను కూడా ఆ చట్టం తన నిర్వచనంలో చేర్చుకుంది. తెర మీది అక్షరం కాంతి కాక మరేమిటి? రోగులను తమ వద్దకు ఆకర్షించుకోవడానికి వైద్యులు ప్రచారం చేసుకోరాదని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. కొన్న ప్రశంసలను తన పేరు క్రింద వేలాడదీసుకునే వైద్యుడు ఆ నియమావళిని ఒక్కసారి చదువుకోవాలి.

“అందరూ చదివేదే పైకి వస్తుంది, అందులో తప్పేముంది?” అని అడిగేవారున్నారు. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకు ముందు శతాబ్దాల తరబడి లోకం ఆ జ్వరానికి చెడుగాలే కారణమని నమ్మింది. అప్పుడు గూగుల్ ఉండి ఉంటే మొదటి స్థానం చెడుగాలిదే. పదిమంది నమ్మిన మాట కావడం వేరు, నిజం కావడం వేరు.

అయితే ఆ యువకుడి మాటల్లో ఒకటి మాత్రం నన్ను గుచ్చింది: నా వ్యాసాలు ఎవరికీ కనిపించడం లేదన్నది. మా వీధిలో ఒక పెద్దాయనకు పొద్దున్నే మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయింది. కూతురు కంగారుగా ఫోనులో ‘మూతి వంకర’ అని వెతికింది. ముందుగా వచ్చిన పేజీ ఒక తైలాన్ని మర్దన చేయమంది. మర్దన చేస్తూ కూర్చుని సాయంత్రానికి ఆస్పత్రికి చేరారు. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయింది. ఆయన కుడిచేయి నేటికీ లేవదు.

“మీరు దీని గురించి వ్రాశారని నాకు తెలియదు డాక్టరు గారూ” అంది ఆ అమ్మాయి. వ్రాశాను. దాని శీర్షిక ‘మస్తిష్క రక్తనాళ ఆఘాతం’. ఏ ఇంట్లోనైనా, ఏ కంగారులోనైనా ఆ మాటతో వెతికేవారుంటారా? తైలం అమ్మేవాడికి రోగి భాష తెలుసు, నాకు తెలియలేదు. ఈ నేరం నా ఒక్కడిదే కాదు. తెలుగులో వ్రాయడం చిన్నతనమనుకున్న మా వైద్యులందరం ఖాళీగా వదిలిన కుర్చీలోనే ఆ తైలం వ్యాపారి కూర్చున్నాడు.

యువకుణ్ణి మర్యాదగానే పంపివేశాను. ఆ సాయంత్రమే వ్యాసం శీర్షికను ‘మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా వెంటనే ఏం చేయాలి?’ అని మార్చాను. జవాబును మొదటి వాక్యంలోనే పెట్టాను. రోగి అడిగే మాటలోనే నిజం చెప్పడం, వ్రాసినవారి పేరు, అర్హత, తేదీ స్పష్టంగా ఉంచడం: నాకు తెలిసిన నిజాయితీ గల పద్ధతి ఇదొక్కటే. దీనికి ఎవరికీ నెలసరి కట్టనక్కరలేదు.

మీరూ పేజీ ఏ వరుసలో ఉందో చూడకండి. ఎవరు వ్రాశారో, ఎప్పుడు వ్రాశారో, చివర మందు ఏదైనా అమ్ముతున్నారేమో చూడండి. ‘శాశ్వతం’, ‘గ్యారంటీ’ అన్న మాటలు కనబడితే ఆ పేజీ మూసేయండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా అసలు వెతకనే వద్దు. 108కి ఫోన్ చేయండి.