ఖాళీగా ఉన్నానని ఎవరు చెప్పారు?

"నీకేం వదినా, ఇంట్ల ఖాళీగనే ఉంటవ్. అందుకే పిల్లలకు చదువు చెప్పనీకి కుదురుతున్నది." మెచ్చుకుంటున్నానని అనుకుంది పక్కింటామె. నాకు మాత్రం చురుక్కుమంది.

మా సూరారం పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఒడిశా, బీహార్ నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు మా వీధిలోనూ ఉన్నారు. తెలుగు అక్షరాలు రాక బడిలో వెనకబడుతున్నారు. రోజూ సాయంత్రం గంటసేపు వాళ్ళను మా వరండాలో కూర్చోబెట్టుకుంటాను. ఆ గంట ఊరికే దొరకలేదు. పొద్దున గంట ముందు లేచి, రాత్రి కూర మధ్యాహ్నమే వండి మిగుల్చుకున్నది.

సేవ అంటే తీరికున్నవాళ్ళ కాలక్షేపం అనుకోవడమే అసలు పొరపాటు.

డొక్కా సీతమ్మగారు (1841–1909) మనలాంటి ఇల్లాలే. లంకల గన్నవరంలో, గోదావరి దాటి వచ్చే బాటసారులు ఏ వేళ తలుపు తట్టినా అన్నం పెట్టింది. ఆవిడ తీరికుండి పెట్టిందా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు పగలంతా కూలి చేసి, రాత్రిపూట అక్షరాలు దిద్దారు. అక్కడ మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992 నాటికి పెద్ద ఉద్యమమైంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ళూ ఖాళీగా ఉన్నవాళ్ళేనా?

"ముందు ఇల్లు, తర్వాతే ఊరు" అంటారు కొందరు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు అందరిదీ అయినప్పుడు ఇంటిపని ఒక్కదానిదే ఎలా అవుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి సీతమ్మగారి పేరు పెట్టుకున్నారు. సంతోషమే. అదే మన ఇంటి కోడలు ఊరి పని మీద గడప దాటితే మాత్రం, "ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అని అడుగుతాం. పోయినవాళ్ళ ఫొటోకి దండ, ఉన్నవాళ్ళకి దెప్పిపొడుపు!

మా ఇంట్లోనూ మొదట్లో ఆ ప్రశ్న వచ్చింది. "సాయంత్రం టీ ఎవరు పెడతారు?" అన్నారు మా ఆయన. "మీరే" అన్నాను. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు పెట్టారు, చక్కెర ఎక్కువేసి. ఇప్పుడు వరండాలోకి నాకూ ఒక గ్లాసు తెచ్చిస్తున్నారు. మొన్న ఒక పాప తన పేరు తెలుగులో తప్పు లేకుండా రాసింది. అందులో ఆ టీకీ వాటా ఉంది.

అందుకే చెప్తున్నాను. మీ వీధిలో ఏ ఆడమనిషైనా పదిమందికి పనికొచ్చే పని చేస్తుంటే, "ఖాళీగా ఉంది" అనకండి. ఆ పూటకు ఒక గిన్నెడు కూర పంపండి. ఆమెకు ఓ అరగంట మిగులుతుంది. ఆ అరగంట ఎవరికి ఖర్చుపెట్టాలో ఆమెకు తెలుసు.